సికింద్రాబాద్–విశాఖ వందేభారత్: ఆఫీసు ఫోన్లు మాట్లాడుకోడానికి ఎలా ఉంటుంది?

ముందే చెప్పేస్తున్నాను: సికింద్రాబాద్–విశాఖపట్నం వందేభారత్ ల్యాప్‌టాప్ పనికి బాగుంటుంది, ఫోన్ పనికి బాగుండదు. కూర్చోడానికి మంచి సీటు, ల్యాప్‌టాప్ పెట్టుకోడానికి బల్ల, చార్జింగ్‌కి సాకెట్ అన్నీ ఉన్నాయి. ఫోన్ వస్తే లేచి వెళ్లి మాట్లాడుకోడానికి ఒక చోటంటూ మాత్రం లేదు. అయినా ఈ దారిలో పని మీద తిరిగేవాళ్లకి పగటిపూట ఇంతకంటే మంచి బండి లేదు. కాబట్టి దీన్ని ఎలా వాడుకుంటే మన పనీ సాగుతుంది, పక్కవాళ్ల ప్రయాణమూ పాడవకుండా ఉంటుంది అన్నదే ఇక్కడ రాస్తున్నాను. తిండి, శుభ్రత, టికెట్ దొరకడం గురించి చాలామంది రాశారు, వాటి జోలికి వెళ్లను.

ఈ దారిలో వందేభారత్‌లు రెండు. మొదటిది 2023 జనవరి 15న, సంక్రాంతి రోజున మొదలైన 20833/20834. విశాఖలో తెల్లవారుజామున ఆరు లోపే బయల్దేరి మధ్యాహ్నం రెండు దాటాక సికింద్రాబాద్ చేరుతుంది. అక్కడ మూడింటికి తిరిగి బయల్దేరి రాత్రి పదకొండున్నర ప్రాంతంలో విశాఖలో దించుతుంది. రెండోది 2024 మార్చిలో వచ్చిన 20707/20708. అది సికింద్రాబాద్‌లో తెల్లవారుజామున ఐదింటికి, విశాఖలో మధ్యాహ్నం రెండున్నరకి బయల్దేరుతుంది. వేళలు అప్పుడప్పుడు అటూ ఇటూ జరుగుతుంటాయి, టికెట్ మీద చూసుకోండి. ఏది ఎక్కినా దాదాపు 700 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు. అంటే ఆఫీసు వేళలో సగం బండిలోనే గడిచిపోతుంది. ఫోన్లు రాకుండా ఉండవు.

పెట్టె లోపల గొంతు ఎందుకు అంత దూరం వినిపిస్తుంది

పాత స్లీపర్ పెట్టెలో కిటికీలు తెరిచి ఉంటాయి. చక్రాల మోత, గాలి హోరు, టీ అమ్మేవాళ్ల కేకలు, ఇన్నిటి మధ్య ఎవరి ఫోన్ సంభాషణ అయినా కలిసిపోతుంది. వందేభారత్ అలా కాదు. కిటికీ అద్దాలు తెరుచుకోవు, పెట్టెకీ పెట్టెకీ మధ్య దారి పూర్తిగా మూసి ఉంటుంది, లోపలి అద్దం తలుపు దానంతటదే మూసుకుంటుంది. బయటి మోత బాగా తగ్గిపోవడం వల్ల లోపలి మాట బాగా తేలుతుంది. చైర్‌కార్‌లో మామూలుగా 78 మంది కూర్చుంటారు, ఒకవైపు మూడు సీట్లు, ఇంకోవైపు రెండు. వరుసకీ వరుసకీ మధ్య అడ్డుగోడ ఏదీ లేదు. ఇంట్లో హాల్లో మాట్లాడే గొంతుతో మాట్లాడినా ముందు రెండు వరుసలు, వెనక రెండు వరుసలు మీ కొటేషన్ రేటుతో సహా వింటాయి.

పక్క సీట్లో ఇద్దరు కబుర్లు చెప్పుకుంటుంటే నిద్ర పట్టేవాళ్లకి కూడా ఫోన్ మాటలు ఎందుకు చిరాకు తెప్పిస్తాయో 2010లో కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు పరీక్షించి చూశారు. ఇద్దరి మాటలూ వినిపించినప్పుడు కంటే ఒకవైపు మాటలే వినిపించినప్పుడు, వినేవాళ్ల ఏకాగ్రత ఎక్కువగా దెబ్బతింది. తర్వాత ఏం మాట వస్తుందో మెదడు ఊహించలేక మాటిమాటికీ అటే లాగుతుంటుంది. కాబట్టి 'మీరు మీ పని చూసుకోండి, నేను నా ఫోన్ మాట్లాడుకుంటాను' అనడంలో న్యాయం లేదు. వినకుండా ఉండడం పక్కవాళ్ల చేతుల్లో లేదు.

రెండో చిక్కు మన గొంతుది. చుట్టూ మోత పెరిగితే మనకి తెలియకుండానే గొంతు పెంచుతాం. ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లోనే ఈ సంగతి రాశాడు, ఆయన పేరుతోనే దీన్ని పిలుస్తారు. బండి వేగం అందుకున్నప్పుడు, వంతెన ఎక్కినప్పుడు, ఎదురు బండి దాటినప్పుడు గొంతు పైకి లేస్తుంది. మోత ఆగిపోతుంది, గొంతు మాత్రం ఆ పైనే ఉండిపోతుంది. చెవులు రెండూ బిగించి మూసే నాయిస్ క్యాన్సిలేషన్ ఇయర్‌బడ్స్ పెట్టుకుంటే ఇది ఇంకా ముదురుతుంది. బయటి మోతతో పాటు మన గొంతూ మనకి సరిగ్గా వినపడదు. మెల్లగానే మాట్లాడుతున్నామనుకుంటూ అరుస్తాం. దీనికి మందు సులువే: మాట్లాడేటప్పుడు ఒక చెవిలోది తీసేయండి, లేదా ఇయర్‌బడ్స్‌ని బయటి శబ్దం లోపలికి వచ్చే మోడ్‌లోకి మార్చండి. పాటలకి క్యాన్సిలేషన్ ఆన్, ఫోన్‌కి ఆఫ్. ఈ ఒక్క అలవాటుతో పక్కవాళ్ల బాధ సగం తగ్గుతుంది.

గుసగుసలాడితే పనవుతుందనుకోకండి. ఫోన్లలో, మీటింగ్ యాప్‌లలో మోత తీసేసే ఫిల్టర్లు గుసగుసని కూడా మోత కిందే లెక్కేసి కొట్టేస్తుంటాయి. అవతలివాళ్లు 'వినపడట్లేదు సార్' అంటారు, మనం గొంతు పెంచుతాం. గుసగుస కాకుండా, మామూలు గొంతునే తగ్గించి, మైకు నోటికి దగ్గరగా పెట్టుకుని మాట్లాడాలి. ఐఫోన్ వాడేవాళ్లు కాల్ నడుస్తుండగా కంట్రోల్ సెంటర్ తెరిచి మైక్ మోడ్‌లో 'వాయిస్ ఐసొలేషన్' పెట్టుకుంటే అవతలికి గొంతు శుభ్రంగా వెళ్తుంది. 2023లో వచ్చిన ఐఓఎస్ 16.4 నుంచి మామూలు ఫోన్ కాల్స్‌కి కూడా ఇది పనిచేస్తోంది. గొంతు పెంచాల్సిన అవసరమే రాదు.

సీటు ఎంపిక

ఐఆర్‌సీటీసీలో ఫలానా నంబరు సీటే కావాలని పట్టుబట్టలేం. కిటికీ పక్క కావాలని అడగొచ్చు, ఫలానా పెట్టె అయితేనే ఇవ్వమని పెట్టుకోవచ్చు, అంతే. ఫోన్లు ఎక్కువ వచ్చేవాళ్లు కిటికీ సీటు కోరుకోకపోవడమే మంచిది. మూడు సీట్ల వైపు కిటికీ దగ్గర ఇరుక్కుంటే, ఫోన్ మోగినప్పుడల్లా ఇద్దరిని లేపాలి. బల్ల దించుకుని భోజనం పెట్టుకున్నప్పుడైతే అదీ కుదరదు. లేవలేం కాబట్టి సీట్లోనే మాట్లాడేస్తాం. నడవా పక్క సీటుంటే రెండో రింగుకే లేచి తలుపు దాటేయొచ్చు.

ఎగ్జిక్యూటివ్ క్లాస్ టికెట్ చైర్‌కార్‌కి దాదాపు రెట్టింపు. సీట్లు అటు రెండు, ఇటు రెండు, పెట్టెకి 52. అందరికీ నడవా దగ్గరే. ల్యాప్‌టాప్ పనికి ఆ డబ్బు దండగ కాదు. ఫోన్లు మాట్లాడుకోడానికని మాత్రం కొనొద్దు. మనుషులు తక్కువ, కబుర్లు తక్కువ కాబట్టి ఒక్కరు మాట్లాడినా పెట్టె మొత్తానికీ వినపడుతుంది. పైగా ఆ పెట్టెలో మీ లైనులోనే పనిచేసేవాళ్లు కూర్చుని ఉండే అవకాశం ఎక్కువ. ఫార్మా, పోర్టు, స్టీలు, సాఫ్ట్‌వేర్, ఈ దారిలో అందరూ తిరిగేదీ ఆ బండిలోనే. ఇక్కడ సీట్లు గుండ్రంగా తిరుగుతాయి కనక నలుగురు సహోద్యోగులు ఎదురెదురుగా తిప్పుకుని, మధ్యలో ఫోన్ స్పీకర్‌లో పెట్టి కాన్ఫరెన్స్ నడిపేస్తుంటారు. నలుగురూ టికెట్లు కొన్నంత మాత్రాన పెట్టె మీటింగ్ రూమ్ అయిపోదు.

చార్జింగ్ సాకెట్లు సీట్ల కింద ఉంటాయి, వంగి వెతుక్కోవాలి. పొట్టి తీగ ఉన్న చార్జర్ అయితే ఫోన్ ఒళ్లోకి రాదు. కనీసం మీటరున్నర తీగ తెచ్చుకోండి. తీగ చాలక వంగి, మెడ వంచి, స్పీకర్‌లో పెట్టి మాట్లాడేవాళ్లు కనపడుతుంటారు. ఆ స్పీకర్ గోలకి అసలు కారణం అరమీటరు తీగ.

తలుపు దాటితే ఎక్కడ నిలబడాలి

ఫోన్ వస్తే వెళ్లగలిగే చోటు ఒక్కటే: అద్దం తలుపు దాటాక, బయటి తలుపుల దగ్గర ఉన్న ఖాళీ. అక్కడే టాయిలెట్లు, అక్కడే చిన్న ప్యాంట్రీ. సీట్ల దగ్గర కంటే మోత కాస్త ఎక్కువ, అదే మేలు, మీ మాట పెట్టెలోకి రాదు. నిలబడేటప్పుడు మూడు సంగతులు చూసుకోండి. అద్దం తలుపుకి మరీ దగ్గరగా నిలబడితే సెన్సర్ మిమ్మల్ని చూసి తలుపు తెరుస్తూనే ఉంటుంది. పెట్టెలోపలికి మాట వెళ్తుంది, తలుపు పక్క సీటువాళ్లకి ప్రతి నిమిషం గాలీ వెలుతురూ తగులుతుంటాయి. టాయిలెట్ తలుపుకి అడ్డంగా నిలబడితే లోపలికి వెళ్లాల్సినవాళ్లు మొహమాటపడి వెనక్కి వెళ్లిపోతారు. ఇక భోజనాల వేళ అయితే అక్కడ నిలబడనే కూడదు. ట్రేలు పేర్చేదీ, ట్రాలీ తిరిగేదీ ఆ ఇరుకులోనే. వేడి టీ, వేడి సాంబారు మోసుకెళ్లేవాళ్లకి మీరు అడ్డు. ఉదయం బండిలో టిఫిన్, భోజనం వేళలు, మధ్యాహ్నం బండిలో స్నాక్స్, రాత్రి భోజనం వేళలు వదిలేసి కాల్స్ పెట్టుకోండి.

ఆ ఖాళీలో ఒక ఫోన్ ఐదు నిమిషాలు మాట్లాడొచ్చు, గంట మీటింగ్ కుదరదు. కాళ్లు నొప్పి పుడతాయి, పక్కన ఇంకొకరు ఫోన్‌తో వచ్చి నిలబడతారు. గంట మీటింగ్ ఉంటే ఆ రోజు ఆ బండి ఎక్కకపోవడమే తెలివైన పని.

స్టేషన్‌లో దిగి ప్లాట్‌ఫాం మీద మాట్లాడి వస్తానంటారా, ఈ బండికి ఆ ముచ్చట పనికిరాదు. వరంగల్, ఖమ్మం లాంటి చోట్ల ఆగేది నిమిషం రెండు నిమిషాలు. తలుపులు వాటంతటవే మూసుకుంటాయి. ఒకసారి మూసుకున్నాక బయటి నుంచి తట్టినా, లోపల్నుంచి లాగినా తెరుచుకోవు. బండి మొదలైన కొత్తలో, అదే జనవరి 2023లో, రాజమండ్రిలో ఒకాయన సెల్ఫీ దిగుదామని లోపలికెక్కితే తలుపులు మూసుకుపోయి తర్వాతి స్టాపు దాకా వెళ్లాల్సి వచ్చిన సంగతి అప్పట్లో అన్ని టీవీల్లోనూ వచ్చింది. ఆయన లోపల ఇరుక్కున్నాడు, ఫోన్ మాట్లాడుతూ దిగినవాళ్లు బయట ఉండిపోతారు. బ్యాగు, ల్యాప్‌టాప్ లోపల, మనిషి ఖమ్మంలో.

సిగ్నల్ పోతే

ఈ దారిలో బండి గరిష్ఠంగా 130 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఆ వేగంలో ఒక కిలోమీటరు దాటడానికి 28 సెకన్లు చాలు. ఫోన్ ఒక టవర్ వదిలి ఇంకో టవర్ పట్టుకోవడం నిమిషానికో రెండు నిమిషాలకో జరుగుతూనే ఉంటుంది. పెద్ద ఊళ్లు దాటాక టవర్లు దూరదూరంగా ఉంటాయి, మూసి ఉన్న పెట్టె కొంత సిగ్నల్‌ని మింగేస్తుంది. ఫలితం అందరికీ తెలిసిందే: 'హలో... హలో... వినపడుతోందా... హలో'. పెట్టెలో అందరికంటే గట్టిగా వినిపించే మాట ఇదే. ఇందులో విషయం ఏమీ ఉండదు, గొంతు మాత్రం తారస్థాయిలో ఉంటుంది. గొంతు పెంచితే సిగ్నల్ పెరగదు.

రెండుసార్లు 'హలో' అన్నాక పెట్టేయండి. 'ట్రైన్లో ఉన్నాను, సిగ్నల్ లేదు, విజయవాడలో చేస్తాను' అని మెసేజ్ పెట్టండి. సిగ్నల్ వచ్చాక దానంతటదే వెళ్తుంది. మాట్లాడాల్సిన ముఖ్యమైన ఫోన్లని విజయవాడ, రాజమండ్రి దగ్గర్లోకి జరుపుకోండి. స్టేషన్‌కి చేరబోయే ముందు బండి నెమ్మదిస్తుంది, ఊరి టవర్లు అందుతాయి, ఎలాగూ దిగేవాళ్లు లేచి సందడిగా ఉంటుంది, మీ మాట అందులో కలిసిపోతుంది. ఎనిమిదిన్నర గంటల్లో ఫోన్‌కి ఇంతకంటే మంచి అదను లేదు.

గోదావరి వంతెన మీద మాత్రం ఎవరికీ ఫోన్ చేయకండి. రెండున్నర కిలోమీటర్ల పైచిలుకు పొడవున్న ఆ వంతెన మీంచి వెళ్లేటప్పుడు మోతా ఎక్కువే. అసలు సంగతి అది కాదు. ఉదయం బండిలో ఆ కాసేపూ పెట్టె మొత్తం కిటికీల వైపు తిరుగుతుంది. అద్దాలు తెరుచుకోవు గనక నాణెం వేయడానికి లేదు, చేతులు జోడించేవాళ్లు జోడిస్తారు, పిల్లల్ని ఎత్తి చూపిస్తారు. ఆ మూడు నాలుగు నిమిషాల్లో పక్కనుంచి 'జీఎస్టీ ఎక్స్‌ట్రా అండీ' అని వినిపించడం చాలా కష్టంగా ఉంటుంది.

ఫోన్ సెట్టింగులు, బండెక్కే ముందే

మోగడం ఆపి వైబ్రేషన్ పెట్టడం అందరికీ తెలుసు. ఆ ఫోన్‌ని ముందు సీటు వెనకున్న ప్లాస్టిక్ బల్ల మీద పెడతారు. అక్కడే తేడా కొడుతుంది. బల్ల డప్పులా పనిచేసి వైబ్రేషన్‌ని రింగు కంటే గట్టిగా మోగిస్తుంది, బల్ల తగిలించి ఉన్న ముందు సీటాయన వీపుకి కూడా తెలుస్తుంది. ఫోన్ జేబులోనో ఒళ్లోనో ఉండాలి.

కొట్టే కీలకి టిక్కు టిక్కుమనే శబ్దం, స్క్రీన్‌షాట్ తీస్తే క్లిక్కుమనే శబ్దం, మెసేజ్ వస్తే టింగుమనే శబ్దం, మూడూ సెట్టింగుల్లో విడివిడిగా ఉంటాయి. రింగు సైలెంట్ చేసినా కొన్ని ఫోన్లలో ఇవి ఆగవు. ఒకసారి కూర్చుని తీసేస్తే చాలు.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఎనిమిదిన్నర గంటలు రావు. మాట్లాడుతూ ఉంటే నాలుగైదు గంటల్లో ఖాళీ అవుతాయి. అవి ఆగిపోయిన క్షణం చాలా మీటింగ్ యాప్‌లు మాటని ఫోన్ స్పీకర్‌కి మళ్లిస్తాయి. మీ మేనేజర్ గొంతు ఒక్కసారిగా పెట్టెలో మోగుతుంది. ల్యాప్‌టాప్‌లో అయితే ఇయర్‌ఫోన్ తీగ తగిలి ఊడినా అంతే. దీనికి రెండు పనులు చేయాలి. ల్యాప్‌టాప్ స్పీకర్‌ని మీటింగ్‌కి ముందే విడిగా మ్యూట్ చేయాలి, ఇయర్‌ఫోన్ ఉన్నప్పుడు శబ్దం వేరుగా ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. రెండోది, తీగతో ఉన్న మామూలు టైప్-సీ ఇయర్‌ఫోన్ ఒకటి బ్యాగులో పడేసుకోవాలి. దానికి చార్జింగ్ అక్కర్లేదు, మైకు గడ్డం దగ్గరే ఉంటుంది కనక మెల్లగా మాట్లాడినా వినపడుతుంది. ఈ ప్రయాణానికి ఖరీదైన ఇయర్‌బడ్స్ కంటే అదే నయం.

వాట్సాప్‌లో వచ్చే వాయిస్ మెసేజ్‌లు స్పీకర్‌లో వినడం మానేస్తే సగం గోల ఆగుతుంది. ప్లే నొక్కి ఫోన్‌ని చెవి దగ్గర పెట్టుకుంటే మాట ఫోన్ కాల్‌లా చెవి స్పీకర్‌లోకే వస్తుంది. చాలామందికి ఇది తెలియదు. ఫోన్‌ని నోటి ముందు బిస్కెట్ ముక్కలా పట్టుకుని స్పీకర్‌లో మాట్లాడేవాళ్లు, వాయిస్ మెసేజ్‌లు పైకి పెట్టి వినేవాళ్లు ఎక్కువ భాగం ఒకరే.

వీడియో కాల్ ఇక్కడ వద్దు. మీ వెనక నిద్రపోతున్న ఆవిడ, నోరు తెరుచుకుని పడుకున్న తాతగారు, బిస్కెట్ తింటున్న పాప, అందరూ మీ క్లయింటు స్క్రీన్ మీద ఉంటారు. బ్యాక్‌గ్రౌండ్ మసకచేసినా కదులుతున్న బండిలో అంచులు జారి మనుషులు బయటపడుతూనే ఉంటారు. తప్పనిసరైతే కెమెరా ఆపి, మాట వింటూ, చాట్‌లో రాయండి. మీటింగ్ మొదట్లోనే చెప్పేయండి: 'సార్, ట్రైన్లో ఉన్నాను, వినగలను గానీ మాట్లాడలేను. ఏదైనా ఉంటే చాట్‌లో పెడతాను.' అలా చెబితే కాదనే పైవాళ్లు తక్కువే. ముందు చెప్పకపోతేనే పేరు పిలిచి ప్రశ్న అడుగుతారు, మీరు పెట్టె నడిబొడ్డున జవాబు చెప్పాల్సి వస్తుంది.

మీ మాట వింటున్నది ఎవరో మీకు తెలియదు

ఇది మర్యాద కంటే పెద్ద సంగతి. పక్కవాళ్ల నిద్ర చెడితే వాళ్లకి నష్టం, మీ మాట బయటికి పోతే మీ కంపెనీకి నష్టం. టెండరు రేటు, ఎవరిని ఉద్యోగంలోంచి తీసేయబోతున్నారు, ఏ కంపెనీ ఏ కంపెనీని కొనబోతోంది, ఇవన్నీ ఈ బండి పెట్టెల్లో పేర్లతో సహా వినపడుతుంటాయి. లిస్టయిన కంపెనీ లెక్కలు చూసే ఆడిటర్లు, ఫైనాన్స్‌వాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఫలితాలు బయటికి రాకముందే ఆ సమాచారం ఇతరులకి అందించడం స్టాక్ మార్కెట్లని నియంత్రించే సెబీ 2015 ఇన్‌సైడర్ ట్రేడింగ్ నిబంధనల ప్రకారం తప్పు. రైల్లో కూర్చుని గట్టిగా చెప్పుకుంటూ పోతే రేపు జవాబు చెప్పుకోవాల్సింది మీరే. కంపెనీ పేరు, మనిషి పేరు, అంకె, ఈ మూడూ ఒకే వాక్యంలో పైకి రానివ్వకండి. 'ఆ మొన్నటి ఫైలు', 'మనం అనుకున్న రేటు' అంటే అవతలివాళ్లకి అర్థమవుతుంది. అర్థం కాకపోతే మెసేజ్ పెట్టండి. కార్డు నంబరు, ఓటీపీ, ఆధార్ నంబరు పైకి చదవడం అయితే అసలు వద్దు. ఈ సంగతి చదువుకున్నవాళ్లకి చెప్పాల్సి రావడమే బాధ.

స్క్రీన్ కూడా మాట్లాడుతుంది. సీటుకీ సీటుకీ మధ్య సందులోంచి వెనకాయనకి మీ ల్యాప్‌టాప్ ఒక పాయలా కనిపిస్తుంది. పొద్దు గుంకాక ఇంకో దారి తెరుచుకుంటుంది: బయట చీకటి, లోపల లైట్లు, కిటికీ అద్దం అద్దంలాగే పనిచేసి మీ స్క్రీన్ మొత్తం వెనక వరుసకి చూపిస్తుంది. మధ్యాహ్నం బయల్దేరే బండ్లలో ఇది గమనించండి. పక్కనుంచి చూస్తే కనపడకుండా చేసే ప్రైవసీ స్క్రీన్ అతికించుకోవడం ఒక పద్ధతి. కర్టెన్‌నో బ్లైండ్‌నో దించుకోవడం డబ్బు ఖర్చు లేని పద్ధతి.

ఎవరైనా గట్టిగా మాట్లాడుతుంటే

రైల్వే బోర్డు 2022 జనవరిలోనే ఆదేశాలిచ్చింది: పెట్టెలో ఫోన్‌లో గట్టిగా మాట్లాడకూడదు, ఇయర్‌ఫోన్ లేకుండా పాటలు పెట్టకూడదు, రాత్రి పది దాటాక మరీ జాగ్రత్తగా ఉండాలి, సిబ్బంది ప్రయాణికులకి నచ్చజెప్పాలి. తోటివాళ్లకి ఇబ్బంది కలిగించేవాళ్లని బండి నుంచి దించే వీలు 1989 రైల్వే చట్టం 145వ సెక్షన్‌లో ఉంది. అయితే పెట్టెలో ఇవి చెప్పే బోర్డు కంటికి కనపడే చోట కనపడదు. సీటు ముందు జేబులో తిండి వివరాల కాగితం పెట్టినట్టే ఫోన్ నియమాలు కూడా తెలుగులో రెండు వరుసల్లో రాసిపెట్టొచ్చు. ఈ బండికి నేను మార్కులు తగ్గించే మొదటి చోటు ఇదే.

మీరే చెప్పాల్సి వస్తే కోపంగా కాకుండా, కారణం జోడించి చెప్పండి. 'ఏమండీ, కాస్త మెల్లగా మాట్లాడతారా, పాప ఇప్పుడే పడుకుంది' అంటే నూటికి తొంభై మంది సారీ చెప్పి లేచి వెళ్తారు. వయసులో చిన్నవాళ్లయితే 'బాబూ, ఇయర్‌ఫోన్ ఉందా, లేకపోతే నాది తీసుకో' అన్నా చాలు. పెద్దవాళ్లు గట్టిగా మాట్లాడుతుంటే ముందు ఒక నిమిషం ఆగి చూడండి. చెవి సరిగ్గా వినపడక గొంతు పెంచేవాళ్లు చాలామంది ఉంటారు. 'బాబాయ్ గారూ, శబ్దం పెంచి ఇస్తాను ఇలా ఇవ్వండి' అని కాల్ వాల్యూమ్ పెంచి ఇస్తే ఆయన గొంతు దానంతటదే తగ్గుతుంది. ఆస్పత్రి నుంచో ఇంటి నుంచో కష్టం కబురు వచ్చినవాళ్ల జోలికి మాత్రం ఎవరూ వెళ్లకూడదు. చెప్పినా వినకపోతే వాదనకి దిగకండి, టీటీఈకో పెట్టె సిబ్బందికో చెప్పండి. వాళ్లు దగ్గర్లో లేకపోతే రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్, లేదా రైల్ మదద్ యాప్‌లో పీఎన్ఆర్ నంబరుతో ఫిర్యాదు.

రైల్వే వైపు నుంచి జరగాల్సింది ఇంకొకటి ఉంది. జపాన్‌లో తొకాయిదో షింకాన్‌సెన్ అనే బుల్లెట్ రైలు మార్గంలో నడిచే నొజోమి బండ్లలో 2021 అక్టోబర్ నుంచి 7వ పెట్టెని 'ఎస్ వర్క్' అని ప్రయాణంలో ఆఫీసు పని చేసుకునేవాళ్లకి కేటాయించారు. అందులో సీట్లోనే కూర్చుని ఫోన్, ఆన్‌లైన్ మీటింగ్ మాట్లాడుకోవచ్చు. మిగతా పెట్టెల్లో ఫోన్ వస్తే తలుపు దాటి బయటికి రావాలి. అమెరికాలో ఆమ్‌ట్రాక్ అనే రైళ్ల సంస్థ దీన్ని తలకిందులుగా చేసింది, నిశ్శబ్దంగా ఉండాల్సిన పెట్టెని విడిగా పెట్టింది. మన దారికి జపాన్ పద్ధతే కుదురుతుంది. ఇక్కడ పని మీద తిరిగేవాళ్లూ, పెళ్లికో పండక్కో వెళ్లే కుటుంబాలూ ఒకే పెట్టెలో కూర్చుంటారు. ఇన్ని పెట్టెల బండిలో ఒక్క పెట్టె 'ఇక్కడ ఫోన్ మాట్లాడుకోవచ్చు' అని రాసి, టికెట్ తీసేటప్పుడే ఎంచుకోనిస్తే, ఇప్పుడు మొహమాటంతో నలిగిపోతున్న రెండు వర్గాలకీ ఊపిరి ఆడుతుంది. కొత్త సీట్లూ కొత్త గోడలూ ఏవీ అక్కర్లేదు.

దిగే ముందు

మధ్యాహ్నం మూడింటి బండిలో రాత్రి పది దాటేసరికి ఇంకా గంటన్నర ప్రయాణం మిగిలి ఉంటుంది. పెట్టెలో చాలామంది నిద్రలో ఉంటారు. విశాఖకి ముందున్న దువ్వాడ దగ్గరపడగానే అందరూ ఒక్కసారిగా ఫోన్లు తీసి డ్రైవర్లకీ ఇంటివాళ్లకీ చేయడం మొదలుపెడతారు: 'ఎక్కడున్నావ్', 'ఏ గేటు', 'నీ నంబరు ఎంత'. రాజమండ్రి దాటాకే మెసేజ్ పెట్టేయండి. అందులో పెట్టె నంబరు, మీరు బయటికి వచ్చే వైపు రాయండి. విశాఖలో ఒకటో నంబరు ప్లాట్‌ఫాం వైపా, జ్ఞానాపురం వైపా అన్నది డ్రైవర్‌కి ముందే తెలియాలి, ఆ రెంటి మధ్య చుట్టుతిరిగి రావడం రాత్రిపూట కూడా చిన్న పని కాదు. సికింద్రాబాద్‌లో అయితే ఒకటో నంబరు వైపా, పదో నంబరు భోయిగూడ వైపా అని రాయండి. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఒక గంటకి పంపితే మిగతాది వాళ్లే చూసుకుంటారు.